మూడు వారాల సెలవు, ముప్పై ఇళ్ళ లిస్టు

ప్రశ్న: మాది భీమవరం, అత్తగారిది ఖమ్మం. టెక్సాస్ వచ్చి 14 ఏళ్ళు. బాబుకి 12, పాపకి 8. ఆరేళ్ళ కిందట ఇండియా వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ళు తిరిగామో లెక్కలేదు. బయలుదేరే రోజున నాన్న “ఒక్క పూటైనా నా పక్కన కూర్చోలేదు కదే” అన్నారు. మూడేళ్ళ కిందట ఆయన పోయారు. పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్ తేదీలు దొరక్క, వెళ్తే తిరిగి రాగలమో లేదో తెలియక నేను రాలేకపోయాను. ఇప్పుడు గ్రీన్ కార్డు వచ్చింది. డిసెంబరు 19న బయలుదేరి, జనవరి 10న తిరుగు ప్రయాణం. అమ్మకి 74 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు. అన్నయ్య దగ్గర ఉంటోంది. వదిన ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతుంది. అమ్మని సరిగ్గా చూడటం లేదేమోనని అనుమానం. ఎవరింట్లో ఎన్ని రోజులన్న దగ్గర మా వారికీ నాకూ రోజూ గొడవే. చూడాల్సిన ఇళ్ళ లిస్టు అప్పుడే ముప్పై దాటింది. కజిన్ ఒకడు ఐదు లక్షలు అడుగుతున్నాడు. నాన్న పేరున ఉన్న రొయ్యల చెరువు కాగితాల మీద సంతకం పెట్టాలని అన్నయ్య అంటున్నాడు. ఇంజనీరింగ్‌లో ప్రాణంగా ఉన్న స్నేహితురాలు ఏడాదిగా నా మెసేజ్‌లకి జవాబివ్వడం లేదు. ఈసారి కూడా అలా తిరిగి తిరిగి వచ్చేస్తానేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

సమాధానం:

ఇళ్ళ లిస్టు, రోజుల పంపకం కాసేపు పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. వదినగారికి ఫోన్ చేసి, మీరు ఇంట్లో ఉండే రోజుల్లో ఓ వారం పాటు అన్నయ్యతో కలిసి ఎక్కడికైనా వెళ్ళి రమ్మనండి. టికెట్లు మీరే తీయండి. ఆ వారం ఇల్లూ, అమ్మా, మందుల డబ్బా, పాల ప్యాకెట్లు, పనిమనిషి రాని రోజు గిన్నెలూ అన్నీ మీవి. ఆడపడుచు పుట్టింటికొస్తే వదిన ఊరెళ్ళడమేమిటని చుట్టాలు నాలుగు మాటలంటారు. అననివ్వండి.

ఎందుకు చెబుతున్నానంటే, మీరు అతిథిగా వెళ్ళినంతకాలం అమ్మ పక్కన కూర్చోవడం కుదరదు. పోయినసారి నాన్నగారి దగ్గర కుదరకపోవడానికి తిరుగుళ్ళు ఒక్కటే కారణం కాదు. అమెరికా నుంచి పిల్ల వచ్చిందంటే ఇల్లు ఇల్లులా ఉండదు. పొద్దున్నే మూడు రకాల టిఫిన్లు, మధ్యాహ్నానికి రొయ్యలు, చేప, ఎవరో ఒకరు గుమ్మంలో. పెద్దవాళ్ళు కూడా మంచి చీర కట్టుకుని హాల్లో కూర్చుంటారు. ఎలా ఉందమ్మా అంటే “నాకేం, బాగానే ఉన్నా” అంటారు. మీరు చూసేది ఆ హాల్లో కూర్చున్న అమ్మని. రాత్రి మూడింటికి బాత్రూముకి లేచి గోడ పట్టుకుని నడిచే అమ్మని, సీరియల్ సౌండు పెంచి పెంచి పక్కింటివాళ్ళకి వినిపించే అమ్మని, చెప్పిన కథే నాలుగోసారి చెప్పే అమ్మని వదినగారు చూస్తున్నారు. ఆ పక్కన కూర్చునే అవకాశం కావాలంటే ఆ పని కూడా మీ చేతికి రావాలి. ఇన్సులిన్ ఏ వేళకి వేస్తున్నారో, ఏ మాత్ర తిన్నాక వేసుకోవాలో వదినగారి దగ్గర రెండు రోజులు పక్కనే ఉండి నేర్చుకోండి. కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాతే ఆవిడని బస్సెక్కించండి.

ఎక్కడికి పంపాలన్నది వాళ్ళిష్టం. డిసెంబరు చివర అరకు బాగుంటుంది. కాశీ అయితే చలి ఎక్కువ, స్వెటర్లు మీరు తెచ్చివ్వొచ్చు. తిరుమల మాత్రం ఆ రోజుల్లో వద్దని నా అభిప్రాయం. వైకుంఠ ఏకాదశి ధనుర్మాసంలోనే వస్తుంది, ఆ ముందూ వెనకా కొండ మీద నిలబడటానికి చోటుండదు.

ఇక వదినగారి మీద అనుమానం సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు, ఫోన్లో ముక్తసరిగా మాట్లాడటం తప్ప. మీరు ఫోన్ చేసినప్పుడు ఆవిడతో ఏం మాట్లాడతారో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మ తిందా, మందులేసుకుందా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారా, ఎందుకు తీసుకెళ్ళలేదు. ప్రతి ఆదివారం హాజరు పట్టీ తీసేవాళ్ళతో ఎవరైనా అంతకంటే ఎక్కువ ఏం మాట్లాడతారు? పెద్దమనిషిని చూసుకునే ఇంట్లో సెలవు రోజు ఉండదు. పుట్టింట్లో పెళ్ళయినా సాయంత్రానికి తిరిగి రావాలి. ఈ మూడేళ్ళలో ఆవిడ ఎన్ని రాత్రులు బయట నిద్రపోయి ఉంటారో అడగండి. జవాబు విన్నాక మీ అనుమానం ఎంత మిగులుతుందో చూద్దాం.

వెళ్ళగానే ఇల్లు సర్దే పని పెట్టుకోకండి. ఈ మంచం ఎందుకు ఇటు ఉంది, ఈ డాక్టరు ఎందుకు, అమ్మకి అన్నం ఎందుకు పెడుతున్నారు, చిరుధాన్యాలు పెట్టొచ్చుగా అనే మాటలు మనసులోనే ఉంచుకోండి. వారం చేసి చూశాక మీకే తెలుస్తుంది, వాటిలో సగం వాళ్ళు ఎప్పుడో ప్రయత్నించి వదిలేసినవే. మిగతా సగం వదినగారు తిరిగొచ్చాక “మీకేం కావాలి?” అని అడిగి, ఆవిడ చెప్పినవి చేయండి. బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు కావచ్చు. పగలు నాలుగు గంటలు ఉండే ఆయా కావచ్చు. ఆయా అయితే ఆ జీతం నెలనెలా మీరు పంపండి. అన్నయ్య అకౌంటుకి పంపితే అది చెరువు ఖర్చుల్లో కలిసిపోతుంది. వదినగారి అకౌంటుకే వెయ్యండి.

నిజంగానే ఏదో తేడా కనిపిస్తే, అంటే మందులు వారాల తరబడి తప్పిపోవడం, ఒంటి మీద పుళ్ళు, వదిన గదిలోకి వస్తే అమ్మ మాట మార్చేయడం వంటివి కంటపడితే, అప్పుడు మొహమాటపడొద్దు. అన్నయ్యని ఒక్కడినే చెరువు గట్టు మీదకి తీసుకెళ్ళి నేరుగా మాట్లాడండి. కానీ అది చూసింతర్వాత మాట. టెక్సాస్‌లో కూర్చుని తీర్పు రాసుకుని వెళ్ళకండి.

అన్నయ్య గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, సంతకం కోసం. ఆయనకి చెరువులున్నాయి కాబట్టి అడుగుతున్నాను: 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆయన చెరువులో పట్టిన రొయ్య ఏ రేటుకి పోయిందో మీకు తెలుసా? గోదావరి జిల్లాల్లో పండే రొయ్యకి పెద్ద గిరాకీ మీరుండే దేశమే. అక్కడ సంతకం పెడితే ఇక్కడ కౌంటు రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర, పడిపోయింది. ఆ నెలల్లో మీరు ఫోన్ చేసినా ఆయన చెప్పి ఉండరు. చెల్లెలి దగ్గర ఆ మాట ఎత్తితే డబ్బు అడిగినట్టు ఉంటుందని ఊరుకుని ఉంటారు. ఈసారి అడగండి. మేత బాకీ ఎంత, కరెంటు బిల్లు ఎంత, వచ్చే పంట వేస్తున్నావా అని. సంతకం గురించి మాట్లాడటం ఆ తర్వాత తేలికవుతుంది.

ఆ సంతకం చివరి రోజుకి మిగల్చకండి, మొదటి వారంలోనే మాట్లాడేయండి. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో అమ్మ, అన్నయ్య, మీరు సమాన వారసులు. ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. తాతల నాటి ఆస్తిలో కూడా ఆడపిల్లకి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మీ వాటా వదులుకోవాలా వద్దా అన్నది నేను చెప్పను. కానీ వదులుకుంటే తెలిసి వదులుకోండి. మొహమాటానికి వద్దు. అమ్మ వాటా ఆవిడ పేరునే ఉండాలని మాత్రం గట్టిగా అడగండి, అందులో మీకు స్వార్థమేం లేదు. కాగితం ఏమిటో ముందు ఫోటో తీసి పంపమనండి, మీకు తెలిసిన వకీలుకి చూపించండి. ఈ ట్రిప్పులో తేలకపోతే కొంపలేం మునగవు. అమెరికా నుంచే మన కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ పంపే దారి ఎలాగూ ఉంది.

రోజుల పంపకం దగ్గర గొడవెందుకో నాకు అర్థం కాలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ప్రతి రోజూ ఒకే ఇంట్లో ఉండాలని ఎవరు పెట్టారు? మీకు మీ అమ్మ దగ్గర ఉండాలనుంటుంది, ఆయనకి వాళ్ళమ్మ దగ్గర. నాన్నగారు పోయాక ఇదే మొదటిసారి కాబట్టి అందరూ కలిసి ముందు భీమవరం వెళ్ళండి. చావు జరిగిన ఇంటికి ముందు వెళ్ళారంటే మీ అత్తగారూ కాదనరు. మూడు నాలుగు రోజులయ్యాక ఆయన బాబుని తీసుకుని ఖమ్మం వెళ్ళిపోనివ్వండి. మీరూ పాపా అమ్మ దగ్గర ఉండండి. వదినగారి ప్రయాణం ఆ వారంలో. ఆవిడ తిరిగొచ్చాక ఒకటి రెండు రోజులు కలిసి ఉండి, జనవరి రెండు మూడు తేదీలకి మీరు ఖమ్మం చేరండి. భీమవరం నుంచి కారులో నాలుగైదు గంటలు. అక్కడి నుంచే శంషాబాద్. ఆఖరి వారం, ఎయిర్‌పోర్టు వీడ్కోలు అత్తగారింటివి అయితే వాళ్ళకీ లోటు లేదు. జెట్ లాగ్‌తో పడుకునే మొదటి నాలుగు రోజులు అత్తారింట్లో గడిపేస్తే పోలా అని చాలామంది కోడళ్ళు లెక్కలు వేస్తుంటారు. ఆ లెక్క అత్తగార్లకి కూడా వచ్చు.

హైదరాబాద్ నుంచి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాలనుకుంటే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబరు నుంచి ఇదే పద్ధతి. పాత 120 రోజుల లెక్క మనసులో పెట్టుకోకండి. కాని ఆరు పెట్టెలూ ఇద్దరు పిల్లలతో నేనైతే కారు మాట్లాడుకుంటాను.

అందరూ సంక్రాంతికి ఉండిపొమ్మంటారు. నాలుగు రోజుల్లో భోగి పెట్టుకుని వెళ్ళిపోవడమేమిటని అమ్మ కూడా అంటుంది. టికెట్లు మార్చుకోవచ్చు, పిల్లల బడిలో ఇంకో వారం సర్దుకోవచ్చు కూడా. కానీ మీరు ఉండకపోవడమే మంచిదని నాకనిపిస్తోంది. పండక్కి భీమవరం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? హైదరాబాద్ నుంచి కార్లు, లాడ్జీల్లో గదులు నిండిపోవడం, కోడిపందేల బరులు, ఇంటినిండా జనం. ఆ మూడు రోజుల్లో వదినగారు వంటింట్లోంచి బయటికి రారు, అమ్మకి మీరు దొరకరు. పండగ మరోసారి చూడొచ్చు. ధనుర్మాసంలో వెళ్ళడంలో ఒక సుఖం ఉంది, పెళ్ళిళ్ళుండవు. “పెళ్ళికి రాకపోతే మొహం చూపించలేం” అనే బెడద సగం తప్పింది మీకు.

ముప్పై ఇళ్ళ సంగతికొస్తే, వాటిని మూడు రకాలు చేయండి. కదల్లేని పెద్దవాళ్ళు, ఈ ఆరేళ్ళలో మనిషి పోయిన ఇళ్ళు ఒక రకం. అక్కడికి మీరే వెళ్ళాలి, తప్పదు. పొద్దున పదకొండు ప్రాంతంలో వెళ్ళండి. టిఫిను వేళ దాటుతుంది, భోజనం వేళ కాదు, కాఫీతో లేవచ్చు. ఒక పూటకి ఒక్క ఇల్లే. రెండో రకం, ఆ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని చూడాలని నిజంగా అనుకునేవాళ్ళు. వాళ్ళందరినీ ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలవండి. భోజనాలు కేటరింగ్ వాళ్ళకి చెప్పండి, డాబా మీద షామియానా వేయించండి. చుట్టాలందరూ ఒకచోట కలిస్తే అమ్మకి కూడా సంబరం. మూడో రకం, మీరు వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని లిస్టులో రాసుకున్నవాళ్ళు. ఏమో అనుకుంటారు. పోయినసారి వెళ్ళినా అనే ఉంటారు, ఎక్కువసేపు కూర్చోలేదని.

ఒకటి మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళండి. మీరు వచ్చారని తెలియగానే పలకరింపులకి వస్తారు. మూడేళ్ళయినా, మీరు ఇప్పుడే వచ్చారు కాబట్టి వాళ్ళు మీ ముందు కొత్తగా ఏడుస్తారు. “ఆఖరి చూపుకి కూడా నోచుకోలేదు” అని మొహం మీదే అంటారు. దానికి వివరణలు ఇవ్వడం మొదలుపెట్టకండి. వీసా, అపాయింట్‌మెంటు, స్టాంపింగ్ అని మీరెంత చెప్పినా అవతలివాళ్ళకి అవి సాకుల్లానే వినిపిస్తాయి. అది వాళ్ళ తప్పు కాదు, మీ తప్పూ కాదు. 2025 డిసెంబరులో సోషల్ మీడియా తనిఖీల పేరుతో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడితే, స్టాంపింగ్ కోసం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉద్యోగాలు అక్కడ, తాము ఇక్కడ అయి చిక్కుకుపోయారో అందరూ చూశారు. మీ భయం ఉత్తిది కాదు. కానీ దాన్ని పిన్నిగారికి రుజువు చేయాల్సిన పని లేదు. మొదటి సాయంత్రం ఎవరినీ రావొద్దని అన్నయ్యతో చెప్పించండి. నాన్నగారి ఫోటో ముందు మొదటిసారి నిలబడేటప్పుడు చుట్టూ జనం వద్దు. ఆయన తిథి ఆ మూడు వారాల్లో పడుతుందేమో పురోహితుణ్ణి అడిగి చూడండి. పడితే ఆ రోజు ఎక్కడికీ కదలకండి.

గిఫ్టుల గురించి పెద్దగా చెప్పను. బాదం, పిస్తా, చాక్లెట్లు ఇప్పుడు భీమవరం సూపర్ మార్కెట్లోనే దొరుకుతున్నాయి. అందరికీ ఒకే రకం పంచినా గొడవ, రకరకాలు పంచినా గొడవే. చిన్నపిల్లలకి ఏదైనా తీసుకెళ్ళండి చాలు. వదినగారికి మాత్రం ఆవిడ కోసమే వెతికి కొన్నది ఒకటి ఉండాలి, అందరికీ ఇచ్చే పెట్టెలోంచి తీసింది కాకుండా. మీరు పెట్టుకెళ్ళే బంగారం గురించి ఒక మాట. ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చే ఆడవాళ్ళకి 40 గ్రాములు, మగవాళ్ళకి 20 గ్రాముల వరకే నగల మీద సుంకం మినహాయింపు. మిగతా షరతులు కస్టమ్స్ సైటులో చూసుకుని వెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు పూతరేకులు, కాజాలు ఎన్నైనా తెచ్చుకోండి గానీ చికెన్, మటన్ పచ్చళ్ళు వద్దు, మాంసం అక్కడి కస్టమ్స్‌వాళ్ళు రానివ్వరు.

కజిన్ అడిగిన ఐదు లక్షలకి జవాబు బయలుదేరే ముందే ఫోన్లో చెప్పేయండి. ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ కాదనడం మీ వల్ల కాదు, అది మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. తిరిగి రాకపోయినా బాధపడనంత మొత్తం ఏదైనా ఉంటే, మీవారూ మీరూ కలిసి అనుకుని, అంతే ఇవ్వండి. అప్పుగా ఇవ్వొద్దు.

పిల్లల విషయానికొస్తే, పోయినసారి తీసుకున్న ఓసీఐ కార్డులు (విదేశీ పౌరులైన మన సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చేవి) ఉంటే, ఆ తర్వాత వాళ్ళ పాస్‌పోర్టులు మారి ఉంటాయి. పదహారేళ్ళ లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్ళే. కొత్త పాస్‌పోర్టు కాపీ, ఫోటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేశారో లేదో చూసుకోండి. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇండియాలోనే దొరుకుతాయి. బాబుకి వైఫై లేదని మొహం మాడ్చుకుంటాడని భయపడకండి. మేనమామతో తెల్లవారుజామున చెరువు దగ్గరికి పంపండి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటే వల విసరడం చూడనివ్వండి. పాపకి ఒక్క పని ఇవ్వండి: అమ్మమ్మ మాత్రలు పూటపూటకీ తీసివ్వడం, పక్కన మీరు చూస్తుండగా. భాష రాదు అనుకునే పిల్లలు ఇలాంటి పనిలో పడితే రెండు రోజుల్లో “అమ్మమ్మా, మింగు” అంటారు.

మీ స్నేహితురాలి గురించి నాకు దిగులుగా ఉంది. ఏడాదిగా జవాబు లేదంటే కోపం కాకపోవచ్చు. ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఇంట్లో ఏదో జరిగి ఉండొచ్చు, మీ ఫోటోలు చూడటం కష్టంగా ఉండొచ్చు. ఫలానా హోటల్లో మన బ్యాచ్ అందరం కలుద్దాం అనే మెసేజ్ మాత్రం పంపకండి, అలాంటి చోటికే ఆవిడ రాలేకపోతూ ఉండొచ్చు. వాళ్ళమ్మగారికి ఫోన్ చేయండి, పాత నంబరు ఉండే ఉంటుంది. ఫలానా రోజు మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నానండీ, తనుంటే చూస్తాను, లేకపోతే మీతో కాసేపు కూర్చుని వస్తాను అని చెప్పండి. పిల్లల్ని తీసుకెళ్ళొద్దు, గిఫ్టులొద్దు, పళ్ళు చాలు. ఆవిడ కనిపిస్తే ఎందుకు జవాబివ్వలేదని అడగకండి.

ఇక వదినగారికి చేయాల్సిన ఫోను. అమ్మకి వినపడేలా స్పీకర్లో చేయకండి, అన్నయ్య ద్వారా కబురు పెట్టకండి. మధ్యాహ్నం అమ్మ పడుకున్న వేళ, మీకు రాత్రి అవుతుంది, నేరుగా ఆవిడ ఫోనుకే చేయండి. “అబ్బే, ఇప్పుడెందుకులే, మీరొచ్చినప్పుడు నేను లేకపోతే ఎలా” అంటారు. పర్వాలేదు, ఆలోచించుకోండి అని పెట్టేయండి. ఓ వారం ఆగి మళ్ళీ అడగండి. రెండోసారి కూడా వద్దంటే, పోనీ వాళ్ళ పుట్టింటికైనా రెండు రాత్రులు వెళ్ళి రమ్మనండి. అప్పటికి అన్నయ్య కూడా పక్కనుంచి ఏదో ఒకటి అంటారు.